సుగ్గికి పోయే ఊళ్లలో బడి



మాస్టారి గురించి నేను ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది ఆయన ముందు పలక పట్టుకుని కూర్చున్నవాళ్లే. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు అందీ అందని ఊళ్లలోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. కర్నూలు దగ్గరికి బదిలీ కావాలని ఏనాడూ అడగలేదు. ఆయన పేరిట ఏటా ఒక ఉపన్యాసం జరగాలని, దాన్ని అచ్చు వేసి బడులకు పంచాలని కుటుంబం నిధి ఏర్పాటు చేసింది. ఈ ఏడు మాట్లాడే అవకాశం నాకు ఇచ్చినందుకు కృతజ్ఞుణ్ణి.

పిల్లలతో కిక్కిరిసిన పల్లెటూరి బడికి సాయం చేద్దామని బయటినుంచి వచ్చే మనుషుల గురించి మాట్లాడాలనుకుంటున్నాను. డిగ్రీ కాలేజీ పిల్లలు వస్తారు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు వస్తారు, అమెరికా నుంచి సెలవుల్లో దిగినవాళ్లు వస్తారు, పెన్షన్ తీసుకుంటున్న పెద్దమనుషులు వస్తారు. వాళ్ల మనసు మంచిది. తమ సమయాన్ని, డబ్బును పరాయి పిల్లల కోసం వెచ్చించేవాళ్లను చూస్తే నాకు నిజంగా గౌరవం. అయితే మన ప్రాంతంలో వాళ్లు బడికి వచ్చే నెలలు వేరు, బడికి వాళ్లు కావలసిన నెలలు వేరు. ఈ తేడాను సరిచేసుకుంటే ఇప్పుడు పడుతున్న శ్రమతోనే ఎన్నో రెట్లు మేలు జరుగుతుంది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు మన ఊళ్ల సంవత్సరం ఎలా నడుస్తుందో చూద్దాం. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. అప్పటికి తొలకరి కోసం అందరూ ఊళ్లోనే ఉంటారు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద, నందవరం మండలాల్లో ఏ పెద్ద ఊరి బడికైనా జూలైలో వెళ్లండి. రెండు తరగతులు ఒకే గదిలో ఉంటాయి. మూడో తరగతి వరండాలో, నాలుగో తరగతి వేపచెట్టు కింద కూర్చుంటాయి. చెట్టు కింద కూర్చున్నవాళ్లకు బోర్డు ఉండదు, వరండాలో వాళ్లకు వాన జల్లు తప్పదు. చిన్న తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చిన అక్క గుమ్మం దగ్గరే కూర్చుంటుంది, వాడు ఏడిస్తే బయటికి తీసుకుపోవడానికి. ఆ గదిలో 60 మంది పిల్లలు ఉన్నారనుకోండి. 45 నిమిషాల పీరియడులో టీచరు మరే పనీ పెట్టుకోకుండా ఒక్కొక్కరి చేత చదివించినా పిల్లకు ముప్పావు నిమిషం దక్కుతుంది. ఇంత చిన్న లెక్క చాలు, ఐదో తరగతికి వచ్చినా కొందరు పిల్లలు ఒత్తుల దగ్గర ఎందుకు ఆగిపోతారో అర్థం చేసుకోవడానికి. వాళ్లు చదువుతుంటే విన్నవాళ్లు లేరు.

శ్రావణంలో ఉరుకుంద ఈరన్న సన్నిధికి జనం పోటెత్తుతారు. ఆ నెలలో కూడా బడి నిండుగానే ఉంటుంది. పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగు పని మొదలైతే కొన్ని ఊళ్లలో ఐదో తరగతి దాటిన ఆడపిల్లలు తగ్గడం మొదలవుతుంది. పువ్వు పువ్వునూ చేత్తో పరాగ సంపర్కం చేయించే ఆ పనికి చిన్న వేళ్లు, తక్కువ కూలి కావాలి కనుక పిల్లలను పెట్టుకునేవారని కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల గురించి పరిశోధకులు ఏళ్ల తరబడి రాస్తూనే వచ్చారు. దసరా వస్తుంది, దేవరగట్టు బన్ని ఉత్సవం అయిపోతుంది. ఆ తర్వాత సుగ్గి బాట, అంటే కూలి పనులకు వలస, మొదలు. గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణలో, రాయచూరు వైపు పత్తి తీయడానికి, బెంగళూరు, హైదరాబాదుల్లో కట్టుబడి పనులకు కుటుంబాలకు కుటుంబాలే కదులుతాయి. మూటలు, వంట సామాను, కోళ్లు, పిల్లలు అందరూ ఒకే బండిలో. ఊళ్లో తాళాలు, అవ్వలు, తాతలు మిగులుతారు. జనవరిలో అదే బడికి వెళ్తే అటెండెన్సు రిజిస్టరులో పేర్లు అన్నీ ఉంటాయి, చాపల మీద మాత్రం చోటు ఉంటుంది. మళ్లీ ఉగాది దగ్గర పడేసరికి ఒక్కొక్క కుటుంబమే తిరిగొస్తుంది. మిరప కోతలు సాగితే ఏప్రిల్ దాకా రారు. వచ్చేసరికి పరీక్షలు, ఆపైన వేసవి సెలవులు.

ఇప్పుడు సందర్శకుల క్యాలెండరు చూడండి. విదేశాల్లో ఉండేవాళ్లకు క్రిస్మస్ సెలవులు, మనకు సంక్రాంతి. వాళ్ల రాకపోకలన్నీ డిసెంబరు, జనవరిల్లోనే. జాతీయ సేవా పథకం 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. దాని ఏడు రోజుల ప్రత్యేక శిబిరాలను కాలేజీలు తమ పరీక్షలకు అడ్డం లేని రోజుల్లో పెట్టుకుంటాయి. అది సహజం. కానీ పల్లెలో ఆ వారం పిల్లలు ఉన్నారా లేదా అని ఎవరూ అడగరు. ఇలా మన బడిని దాదాపు అందరు అతిథులూ అది సగం ఖాళీగా ఉన్నప్పుడే చూస్తారు. కిక్కిరిసిన జూలైని వాళ్లు చూడరు. తిరిగొచ్చిన పిల్లలు మూల కూర్చుని పుస్తకంలోకి బిక్కమొహంతో చూసే ఏప్రిల్‌నూ చూడరు. ఉన్న కొద్దిమంది పిల్లలకు నోటు పుస్తకాలు, పెన్సిళ్లు పంచి వెళ్తారు. ఎవరికి అన్నింటికన్నా ఎక్కువ అవసరమో ఆ పిల్ల ఆ సమయానికి పల్నాడులో ఒక మిరప చేను గట్టు మీద ఉంటుంది.

సందర్శన వల్ల బడికి అయ్యే ఖర్చు కూడా ఉంటుంది. ఫలానా రోజు అతిథులు వస్తున్నారంటే ముందు రోజు ప్రాంగణం ఊడ్పించాలి, స్వాగత గీతం నేర్పించాలి, వచ్చిన రోజు ఉపన్యాసాలు, పంపకాలు, ఫోటోలు. ఇద్దరు టీచర్లున్న బడిలో అది రెండు రోజుల చదువు. అనంతపురం జిల్లాలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో అడుగుపెట్టిన నాటి నుంచి గ్రామీణాభివృద్ధి ట్రస్టు ఎదిగిన తీరు మనకు పక్కనే ఉన్న ఉదాహరణ. స్పెయిన్ నుంచి దాతలు అక్కడి ఊళ్లకు వస్తారు, పిల్లలను చూస్తారు, వెళ్లిపోతారు. వాళ్లు వెళ్లిపోయిన మర్నాడు కూడా సాయంకాలం బడి నడుస్తుంది, ఎందుకంటే నడిపే మనిషి ఆ ఊళ్లోనే ఉంటాడు. సందర్శన వెనక రోజూ ఉండే మనిషి ఒకరున్నప్పుడే దానికి విలువ.

రెండు వందల ఏళ్ల కిందటి ఒక సంగతి ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. ఆదోని 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. 1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నాయో, ఎందరు చదువుతున్నారో లెక్క తీయమన్నాడు. ఈ దత్త మండలాల్లో ఏళ్ల తరబడి కలెక్టరుగా పనిచేసిన మన్రో చివరికి 1827 జూలైలో మన పత్తికొండలోనే కలరాతో కన్నుమూశాడు. ఆయన అడిగిన లెక్కకు బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు పంపాడు. జిల్లా జనాభా 9,27,857. బడులు 533. చదివేవాళ్లు 6,641 మంది, అంటే బడికి సగటున పన్నెండు మంది. వాళ్లలో ఆడపిల్లలు అరవై మందే. తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. ఆదోనిలో ఈనాటికీ ఇంట్లో కన్నడం, వీధిలో ఉర్దూ, బడిలో తెలుగు వినే పిల్ల ఎందుకు కనిపిస్తుందో ఆ రెండు అంకెలు పక్కపక్కన చూస్తే తెలుస్తుంది.

క్యాంప్‌బెల్ ఒక పద్ధతిని మెచ్చుకున్నాడు. ముందు నేర్చుకున్న పిల్లలు వెనక ఉన్న పిల్లలకు నేర్పుతారు, ఆ నేర్పడంలో తమ చదువునూ గట్టిపరచుకుంటారు, ఇంగ్లండు దీన్ని అనుకరించింది, అది తగిన పనే అని రాశాడు. మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్ ఇక్కడి వీధి బడుల్లో చూసిన దాన్నే తీసుకెళ్లి ఇంగ్లండులో మద్రాసు పద్ధతి పేరుతో ప్రచారం చేశాడు. అదే నివేదికలో క్యాంప్‌బెల్ ఇంకో మాటా రాశాడు: దేశం పేదదైపోతోందని, నేతపనివాళ్లు దెబ్బతిన్నారని, పిల్లలకు ఒళ్లు కాస్త గట్టిపడగానే తల్లిదండ్రులు వాళ్లను పనికి పెడుతున్నారని, ఒకప్పుడు బడి ఉన్న ఎన్నో ఊళ్లలో ఇప్పుడు లేదని. ఎమ్మిగనూరు చేనేత మగ్గాల మధ్య పుట్టి పెరిగిన నాకు ఆ వాక్యాలు పాతవిగా అనిపించవు. బడి కిక్కిరిసినా, ఖాళీ అయినా దాని మూలం ఊరి పనిలో, కూలిలో ఉంటుందని ఆ తెల్ల దొర పట్టుకున్నాడు. మనం బడిని మాత్రమే చూసి గోడలకు రంగులు వేస్తే సరిపోతుందనుకుంటున్నాం.

గోడలు వద్దనడం లేదు. 2019 నవంబరు 14న మొదలైన మనబడి నాడు-నేడు పనులతో ఎన్నో బడుల్లో మరుగుదొడ్లు, ఫ్యాన్లు, బల్లలు వచ్చాయి. ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఎంత అవసరమో నేను చెప్పక్కర్లేదు. అయితే గది పెరిగినంత వేగంగా టీచరు పెరగలేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు ఉపాధ్యాయులు ఉండాలి. 2022 ఏప్రిల్‌లో నంద్యాల విడిపోయాక కర్నూలు జిల్లాలో మిగిలింది ఎక్కువగా ఈ మెట్ట ప్రాంతమే. అదే ఏడు జూన్‌లో వచ్చిన 117 జీవోతో చాలా చోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతులను ప్రాథమిక బడి నుంచి తీసి హైస్కూళ్లలో కలిపారు. అసలే ఇరుకైన హైస్కూలు గదుల్లో చిన్నపిల్లలు కూడా చేరారు. 2025లో ఆ జీవోను పక్కనబెట్టారు. 2025 మెగా డీఎస్సీలో రాష్ట్రమంతటా 16,347 పోస్టులుంటే, పాత జిల్లాల లెక్కన కర్నూలుకే 2,645 పోస్టులు వచ్చాయి. మరే జిల్లాకూ అన్ని రాలేదు. మనకు దక్కిన గౌరవం కాదది. ఇన్నాళ్లూ ఎన్ని కుర్చీలు ఖాళీగా పడి ఉన్నాయో చెప్పే లెక్క. వచ్చిన కొత్త టీచర్లు ఇక్కడే నిలబడేలా చూసుకోవాలి. సర్వీసు నిండగానే కర్నూలు, నంద్యాల వైపు చూడని టీచర్లు ఈ మండలాల్లో తక్కువ. వాళ్లను తప్పుపట్టను, అద్దెకు సరైన ఇల్లు, తన పిల్లలకు బడి, సాయంత్రం దిగడానికి బస్సు లేని ఊళ్లో ఎవరిని ఉండమంటాం?

బయటినుంచి వచ్చిన మనిషి టీచరుకు బదులు కాలేడు, కాకూడదు. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 1990ల చివర ఉమ్మడి రాష్ట్రంలో విద్యా వాలంటీర్ల వ్యవస్థ వచ్చింది. ఊళ్లో చదువుకున్న అమ్మాయినో, అబ్బాయినో కొద్దిపాటి గౌరవ వేతనంతో పది నెలలకు తీసుకునేవారు. వేసవి వచ్చేసరికి పని పోయేది. అలా పనిచేసినవాళ్లలో ఎందరో గొప్పగా బోధించారు. అదనంగా ఇలాంటి ఒక కాంట్రాక్టు టీచరును ఇస్తే ఏమవుతుందని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లాటరీ పద్ధతిలో ఎంచుకున్న 100 పల్లెటూరి బడుల్లో పరీక్షించి చూశారు. రెండేళ్ల తర్వాత ఆ బడుల పిల్లలు మిగతా బడుల పిల్లల కన్నా మెరుగ్గా నిలిచారు. ఊరి మనిషి, ఆ ఊరి పిల్లను పేరు పెట్టి పిలిచే మనిషి, ఇంకొకరు తోడైతే చదువు ముందుకు పోతుందని అది రుజువు చేసింది. ప్రభుత్వాలు మాత్రం దాన్ని చవగ్గా పని గడుపుకునే దారిగా చూశాయి. తోడు కోసం వచ్చిన అమ్మాయి మీదే బడంతా వదిలేసిన ఊళ్లు ఉన్నాయి. అలాంటప్పుడు వాలంటీరు ఉండడమే ఖాళీ పోస్టును నింపకపోవడానికి సాకు అవుతుంది. అందుకే సాయానికి వచ్చేవాళ్లు బడిలోకి అడుగుపెట్టగానే మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని అని హెడ్మాస్టరును అడిగి రాసుకోవాలి, మండల విద్యాధికారికి, పత్రికలకు ఆ లెక్క అందించాలి. ఈ పని స్థానిక టీచరు చేస్తే ఆయనకు ఇబ్బంది. బయటివాళ్లకు ఆ ఇబ్బంది ఉండదు.

మరి బోధనలో వాళ్లు చేయగలిగిందేమిటి? ఇందుకు అసర్ సర్వే నాకు దారి చూపింది. 2005లో మొదలైన ఈ సర్వేలో వాలంటీర్లు జిల్లాకు 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు తిరుగుతారు. ఒక్క కాగితం మీద అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చదవమంటారు. ఎక్కడ ఆగితే అదే ఆ పిల్ల స్థాయి. దీనికి బీఈడీ అక్కర్లేదు, ఓపిక కావాలి. ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో డిగ్రీ చదువుతున్న అమ్మాయి ఒక్క పూటలో నేర్చుకోగలదు. ఆ కాగితంతో జూలైలో నలుగురు విద్యార్థులు ఒక బడికి వెళ్తే వారంలో ప్రతి పిల్ల స్థాయీ తేలిపోతుంది. అప్పుడు తరగతిని బట్టి కాకుండా స్థాయిని బట్టి గుంపులు చేయవచ్చు: గుణింతాల దగ్గర ఆగినవాళ్లు ఒకచోట, ఒత్తులు రానివాళ్లు ఒకచోట, కథ చదవగలిగినవాళ్లు ఒకచోట. చివరి గుంపుకు క్యాంప్‌బెల్ మెచ్చుకున్న పని అప్పగించవచ్చు. రోజుకో గంట చాలు. 60 మంది ఉన్న గదిలో ఒక్కో పిల్ల నోటినుంచి రోజూ రెండు మూడు నిమిషాలు చదువు వినబడుతుంది. ముప్పావు నిమిషంతో పోల్చి చూడండి.

భాష గురించి ఒక హెచ్చరిక. కృష్ణా, గోదావరి జిల్లాల నుంచో హైదరాబాదు నుంచో వచ్చిన వాలంటీరు ఇక్కడి పిల్ల మాట వినగానే దిద్దడం మొదలుపెడతాడు. ఆ పిల్ల ఇక నోరు తెరవదు. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లకు తెలుగు పాఠమే రెండో మెట్టు. ముందు వినండి, మన యాస మీ చెవికి పట్టనివ్వండి, ఆ తర్వాత పుస్తకం తెరవండి.

ఇక సుగ్గి నెలలు. వలసపోయే కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. పిల్ల ఊళ్లోనే, బడి దగ్గరే తిని పడుకుంటుంది, తల్లిదండ్రులు పనికి పోతారు. ఇంత మంచి ఆలోచన మరొకటి లేదు. కానీ తల్లి బండి ఎక్కిన తర్వాత హాస్టలు తెరిస్తే ప్రయోజనం ఉండదు. దసరాకు ముందే తెరుచుకోవాలి, ఎవరి ఇంటినుంచి ఎందరు పిల్లలు ఉండిపోతారో ముందే తెలియాలి. ఆ జాబితా తయారుచేసే పనికి వాలంటీర్లే తగినవాళ్లు. సెప్టెంబరులో సాయంత్రం వేళ, కూలి నుంచి మనుషులు ఇళ్లకు చేరాక, బోయ, కురువ, మాదిగ వాడల్లో గడప గడపకూ వెళ్లి కూర్చోవాలి. "అమ్మా, ఈ ఏడు పాపను మా దగ్గర వదిలిపెట్టి పోతావా?" అని అడగాలి. చాలామంది తల్లులు వదలరు. ఎదిగిన ఆడపిల్లను వదిలిపోవాలంటే భయం, చిన్నవాణ్ణి ఎత్తుకునేవాళ్లు కావాలి, కోతల్లో రెండు చేతులు ఎక్కువైతే కూలి ఎక్కువ. ఒకసారి అడిగి వచ్చేస్తే ఏ తల్లీ ఒప్పుకోదు. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి పిల్లలను పనినుంచి బడికి మళ్లించిన ఎం.వి. ఫౌండేషన్, దాన్ని నడిపించి 2003లో మెగసెసే అవార్డు అందుకున్న శాంతా సిన్హా నేర్పిన పాఠం అదే: స్థానిక యువకులు ఒకే గడపకు పదే పదే వెళ్లారు.

చివరిగా ఈ నిధి నిర్వాహకులకు ఒక విన్నపం. మార్చి మధ్యనుంచి ఒంటిపూట బడులు, ఆపైన జూన్ దాకా సెలవులు. సరిగ్గా అప్పుడే సుగ్గికి పోయిన కుటుంబాలు తిరిగొచ్చి పిల్లలంతా ఊళ్లో ఉంటారు. డిగ్రీ విద్యార్థులకూ పరీక్షలు ముగిసి నెలంతా ఖాళీ దొరికేది మేలోనే. పిల్లలూ వాలంటీర్లూ ఇద్దరూ రోజూ ఊళ్లో ఉండగలిగే నెల అదొక్కటే, ఆ నెలలోనే బడికి తాళం. మాస్టారి పేరిట వచ్చే వడ్డీలో ఈ అచ్చు ఖర్చు పోగా మిగిలింది మే నెలకు పెట్టండి. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, ఎండ ముదరక ముందే, బడి వరండాలో చదువు. వచ్చే విద్యార్థులకు బస్సు ఛార్జీలు, ఊళ్లో ఒక పూట భోజనం. తాళం చెవి కోసం హెడ్మాస్టరు అనుమతి ఏప్రిల్‌లోనే రాసి తీసుకోవాలి. నీళ్ల ట్యాంకు నింపే బాధ్యత పంచాయతీకి అప్పగించాలి. పిల్లలకు అన్నం ఎవరు పెడతారన్నది పెద్ద ప్రశ్న. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే ఆదేశించింది. ఆ ఉత్తర్వు ప్రతిని జతచేసి, వచ్చే మేలో మన మండలాలకు దాన్ని అమలు చేయమని జిల్లా కలెక్టరుకు అర్జీ రాసి తెచ్చాను. సభ అయ్యాక ఈ బల్ల మీద పెడతాను. టీచర్లు, తల్లిదండ్రులు, విద్యార్థులు అందరూ సంతకం చేసి, పక్కన మీ ఊరి పేరు, ఆ ఊరి బడిలో ఈ జనవరిలో కనబడకుండా పోయిన పిల్లల సంఖ్య రాయండి.